నాలుగు బెంచీలు దగ్గరికి జరిపితే జట్టు కాదు

ఏ హైస్కూల్లోనైనా గోడకు అంటించిన ప్రాజెక్టు చార్టుల దగ్గర ఒక్క నిమిషం నిలబడితే సంగతి తెలిసిపోతుంది. అడుగున అయిదుగురి పేర్లుంటాయి. పైనంతా ఒకటే చేతిరాత, బొమ్మ వేసిందీ ఆ చెయ్యే. చాలాసార్లు అది ఆడపిల్ల చెయ్యి. మిగతా నలుగురిలో ఒకరు స్కెచ్ పెన్నులు తెచ్చి ఉంటారు, ఒకరు నెట్ సెంటర్లో బొమ్మ ప్రింటు తీయించి ఉంటారు. చివరి ఇద్దరినీ చార్టులో ఏముందని అడిగితే తెల్లమొహం వేస్తారు. ఎఫ్‌ఏ (ఏడాది పొడవునా బడిలోనే వేసే నిర్మాణాత్మక మూల్యాంకనం) మార్కులు మాత్రం అయిదుగురికీ ఒకటే.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల టీచర్లకు జట్టు పని కొత్త మాటేమీ కాదు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన లెక్కల పుస్తకాల్లో ‘ఆలోచించి, చర్చించి రాయండి’ అని పెట్టె కట్టి మరీ ఇచ్చారు. నిరంతర సమగ్ర మూల్యాంకనంలో ప్రాజెక్టు పనికీ పిల్లల భాగస్వామ్యానికీ మార్కులున్నాయి. శిక్షణ తరగతుల్లో టీచర్లనే గ్రూపులుగా కూర్చోబెట్టి చార్టులు రాయిస్తారు (అక్కడా ఒకరే రాస్తారు, మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటారు). పిల్లల్ని గ్రూపులుగా కూర్చోబెట్టడం అందరికీ వచ్చు. కూర్చున్నాక ఒకరి అవసరం ఇంకొకరికి పడేట్టు పనిని అల్లడమే రాలేదు.

నలుగురి పని ఒకరి మీద పడటాన్ని పిల్లల బద్ధకం కింద కొట్టేయడానికి లేదు. ఫ్రాన్సులో మాక్సిమిలియన్ రింగెల్మాన్ అనే వ్యవసాయ ఇంజనీరు తాడు లాగే ప్రయోగాలు చేసి 1913లో ఫలితాలు ప్రకటించాడు. తాడు పట్టుకునే మనుషులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గుతూ వచ్చింది. అందరూ ఒకే క్షణంలో లాగలేకపోవడం అందుకు కొంత కారణం. మిగతా కారణం 1979లో అమెరికాలో చప్పట్లు, అరుపులతో చేసిన ప్రయోగాల్లో తేలింది. పక్కన ఇంకొందరు కూడా అరుస్తున్నారని నమ్మించినా చాలు, మనిషి తన గొంతు తగ్గించేశాడు. ఎవరి పాలు ఎంతో తేలని చోట పెద్దవాళ్లే అలా చేస్తే, ఎనిమిదో తరగతి పిల్లాడు అంతకన్నా భిన్నంగా ఎందుకుంటాడు?

సహకార అభ్యసనం, అంటే కలిసి నేర్చుకోవడం మీద దశాబ్దాలు పనిచేసిన డేవిడ్ జాన్సన్, రోజర్ జాన్సన్ అన్నదమ్ములు నిజంగా కలిసి పనిచేసే జట్టుకు అయిదు లక్షణాలు చెప్పారు. వాళ్ల ఆలోచనకు మూలం మోర్టన్ డాయిష్ 1949లో సహకారం, పోటీల మీద ప్రతిపాదించిన సిద్ధాంతం. అయిదింటిలో బరువు మోసేవి రెండే. నువ్వు గట్టెక్కితేనే నేనూ గట్టెక్కుతాను అనే పరిస్థితి ఉండాలి. అదే సమయంలో ఎవరి లెక్క వారు విడిగా ఒప్పజెప్పక తప్పకూడదు. ఎదురెదురుగా కూర్చుని సాయపడటం, మాట్లాడే మర్యాద తెలియడం, పని అయ్యాక జట్టు ఎలా నడిచిందో వెనక్కి చూసుకోవడం తక్కిన మూడు. మొదటి రెండూ లేకుండా ఈ మూడింటినీ ఎంత బోధించినా గోడ మీది చార్టు మారదు.

ఆ రెండూ ఎలా పనిచేస్తాయో ఈ పిల్లల తల్లులకు ఒకరు చెప్పనక్కర్లేదు. డ్వాక్రా సంఘంలో బ్యాంకు అప్పు సంఘం మొత్తానికి వస్తుంది. ఒకామె కంతు ఎగ్గొడితే మళ్లీ అప్పు దగ్గర అందరికీ ఇబ్బందే, అందుకే నాలుగిళ్లవాళ్లూ ఆమె గడప తొక్కుతారు. అయినా ఎవరి పొదుపు ఎంత, ఎవరి బాకీ ఎంత అన్నది పుస్తకంలో పేరు పేరునా ఉంటుంది. సంఘంలో ఉన్నాను కదా అని ఎవరూ దాక్కోలేరు. తరగతి గదిలో చాలా జట్లకు ఉమ్మడి అప్పూ లేదు, పేరు పేరునా పుస్తకమూ లేదు.

పోనీ, కలిసి కూర్చుని నేర్చుకోవడం ఈ నేలకు పరాయిదా అంటే అదీ కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు, పగలంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్లు సాయంత్రం పూట గుండ్రంగా కూర్చుని చదువుకున్నారు. వాచకంలో సారా వల్ల చితికిన సంసారం గురించి పాఠం వచ్చింది. అక్షరాలు కూడబలుక్కుంటూనే అది మన ఇంటి కథే కదా అని వాదించుకున్నారు. దూబగుంట అనే పల్లెలో రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం అలా జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది, 1993లో సారా నిషేధం వచ్చింది. దాన్ని జట్టు బోధన పద్ధతి అంటే అతిశయోక్తే, అక్కడ పద్ధతి కంటే కడుపుమంట పెద్దది. కానీ చదివినదాన్ని నలుగురిలో నలిపితేనే ఒంటబట్టిందన్న సంగతి మాత్రం జిల్లాకు అప్పటినుంచే ఎరుక.

ఇక తరగతిలోకి వద్దాం. ఆరో తరగతి, భిన్నాలు. బోర్డు మీద ప్రశ్న: 3/4 పెద్దదా, 5/6 పెద్దదా? నలుగురేసి కూర్చున్నారు. ప్రతి జట్టులో పిల్లలకు ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలున్నాయి. మూడు నిమిషాలు తలలు దగ్గర పెట్టి మాట్లాడుకోవాలి. తర్వాత టీచరు ఒక అంకె పిలుస్తారు, ప్రతి జట్టులో ఆ అంకె ఉన్న పిల్లే లేచి చెప్పాలి. ఏ అంకె పిలుస్తారో ముందు తెలియదు. స్పెన్సర్ కాగన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతుల్లో ఇదొకటి. దీనికి చార్టు అక్కర్లేదు, స్కెచ్ పెన్ను అక్కర్లేదు.

ఆ మూడు నిమిషాల్లో ఒక జట్టు దగ్గర చెవి పెట్టి వింటే మాటలు ఇలా సాగుతాయి.

“రెండూ సమానమే. దాంట్లోనూ ఒక ముక్క తక్కువ, దీంట్లోనూ ఒక ముక్కే తక్కువ.”

“ఒరేయ్, ఆ ముక్కలు సమానమా? నాలుగు చేసిన రొట్టెలో ముక్క పెద్దది, ఆరు చేసినదాంట్లో ముక్క చిన్నది.”

“అయితే?”

“చిన్న ముక్క పోయిందే ఎక్కువ మిగిలినట్టు. 5/6 పెద్దది.”

“నన్ను పిలిస్తే ఎట్ట చెప్పాల? మళ్లా ఒకసారి చెప్పు మే.”

మొదటి మాట చాలామంది పిల్లల మనసులో ఉండే పొరపాటే. టీచరు నేరుగా హారాలు సమానం చేసి 9/12, 10/12 అని బోర్డు మీద చూపించేస్తే పిల్లలు దించుకుంటారు. ‘ఒక ముక్కే తక్కువ’ అన్న ఆలోచన మాత్రం చెక్కు చెదరకుండా లోపలే ఉండిపోతుంది. తోటి పిల్ల కాదన్నప్పుడే అది బయటికొచ్చింది. చివరి మాటలో ఇంకో సంగతుంది. తనను పిలవొచ్చు గనకే ఆ పిల్లాడు మళ్లీ చెప్పమన్నాడు. లీడరే లేచి చెప్పే ఏర్పాటయితే అతనికి అడిగే పనే లేదు.

ఇక్కడ పలక ఉంటే ఇంకా మంచిది. మార్కాపురం పలక ఒకప్పుడు ఎక్కడెక్కడి బడులకో పోయేది, ఇప్పుడు పైతరగతుల బడిసంచుల్లో దానికి చోటు లేదు. నోటుబుక్కుకు మారాక పోయిన సౌకర్యం ఒకటుంది. మూడో అంకె పిల్లలందరూ ఒకేసారి పలక ఎత్తితే ఎనిమిది జట్ల జవాబులు ఒక్క చూపులో కనపడతాయి. చేతులెత్తించి ఒకరిని అడిగితే ఒకరిదే తెలుస్తుంది.

జట్టులో ఎవరికి లాభమన్న ప్రశ్న తల్లిదండ్రుల నుంచి తప్పకుండా వస్తుంది. బాగా చదివే పిల్ల తల్లి, మా పాప వాళ్లకు చెప్పుకుంటూ కూర్చుంటే తన చదువేం కావాలి అంటుంది. నోరీన్ వెబ్ అనే పరిశోధకురాలు జట్లలో పిల్లల మాటలను ఏళ్లపాటు పరిశీలించి తేల్చింది వేరు. ఎందుకలా వచ్చిందో విడమరిచి చెప్పిన పిల్లలకే ఎక్కువ మేలు జరుగుతోంది. ఎందుకో అని అడిగితే వట్టి జవాబు దొరికిన పిల్లలకు మాత్రం ఏమీ రావడం లేదు, ఒక్కోసారి వెనకబడుతున్నారు కూడా. కాబట్టి బాగా చదివే పిల్ల తల్లి కంటే, పక్కవాడి నోట్సు చూసి దించుకునే పిల్లాడి తల్లే ఎక్కువ బెంగపడాలి. ‘చూపించు’ అనడం మాన్పించి ‘ఎందుకో చెప్పు’ అనడం అలవాటు చేయడమే టీచరు మొదటి నెల పని.

జట్టులో ఎవరెవరు ఉండాలన్న దగ్గర మన బడుల అలవాటు అడ్డం తిరుగుతుంది. పదో తరగతికి వచ్చేసరికి పిల్లల్ని ఏ, బీ, సీ గ్రేడులుగా విడగొట్టి, సీ గ్రేడు పిల్లల్ని ఓ పక్కన కూర్చోబెట్టి బిట్లు బట్టీ పట్టిస్తారు. ఫలితాల ఒత్తిడి అలాంటిది, టీచర్లను పూర్తిగా తప్పు పట్టలేం. స్థాయిని బట్టి విడదీయడం అన్నివేళలా తప్పూ కాదు. అక్షరాలు కూడబలుక్కోవడం రాని నాలుగో తరగతి పిల్లలకు చదవడం నేర్పాలంటే, ప్రథమ్ సంస్థ చేయించే పద్ధతిలో, ఏ తరగతి అన్నది పక్కనపెట్టి ఎంత చదవగలరో చూసి గంటసేపు విడిగా కూర్చోబెట్టడమే మేలు. ఆ గంట అయ్యాక కూడా ఆ పిల్లలు రోజంతా, ఏడాదంతా ఆ మూలనే ఉండిపోతేనే చేటు. విడమరిచి చెప్పేవాడు లేని జట్టులో వెబ్ చెప్పిన మేలు జరగడానికి దారే లేదు. అర్థం చేసుకోవాల్సిన పాఠాలకు ఒక బాగా చదివే పిల్ల, ఒక వెనకబడ్డ పిల్లాడు, మధ్యస్థులు ఇద్దరు అన్న కలయిక నడుస్తుంది. నలుగురికి మించితే ఎవరో ఒకరు కిటికీలోంచి బయటికి చూస్తుంటారు.

పిల్లల్నే జట్లు కట్టుకోమంటే స్నేహితులు స్నేహితులతో కూర్చుంటారు. పల్లెల్లో ఆ స్నేహాలు వీధుల్ని బట్టి, కాలనీని బట్టి ఉంటాయని, వీధులు కులాన్ని బట్టి ఉంటాయని అందరికీ తెలుసు. యానాది పిల్లలున్న తరగతిలో వాళ్లు ఏ బెంచీలో కూర్చున్నారో చూస్తే చాలు. అందుకని జట్లు టీచరే వేయాలి, ఇక్కడ మొహమాటం పనికిరాదు.

ఇలాంటి ఎడబాటు నుంచే ఒక పద్ధతి పుట్టింది. 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో, అంతదాకా విడివిడి బడుల్లో చదివిన తెల్ల, నల్ల, మెక్సికన్ సంతతి పిల్లల్ని ఒకే గదుల్లోకి తెచ్చారు. తరగతులు కొట్లాటలతో అట్టుడికాయి. ఇలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వవేత్త తన విద్యార్థులతో కలిసి అక్కడ జిగ్సా పద్ధతిని పెట్టాడు. పాఠాన్ని ముక్కలు చేసి జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇస్తారు. ఆ ముక్క ఆ పిల్ల దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదు. ఎగతాళి చేస్తే తమకే పాఠం రాదు. ఎవరినీ ప్రేమించమని, గౌరవించమని ఉపన్యాసం చెప్పలేదు. ఆమె మాట వినక తప్పని పని కల్పించారు, అంతే.

దీన్ని పెన్నా డెల్టాలోని ఒక బడిలో ఎనిమిదో తరగతి ‘పంటల ఉత్పత్తి’ పాఠానికి పెట్టి చూడొచ్చు. ముప్పయ్యారు మంది ఉన్నారనుకుంటే తొమ్మిది జట్లు. పాఠం నాలుగు ముక్కలు: దుక్కీ విత్తనమూ ఒకటి, ఎరువులు ఒకటి, నీటి తడులూ కలుపూ ఒకటి, కోతా నిల్వా ఒకటి. ఒకే ముక్క వచ్చినవాళ్లు ముందు ఒకచోట చేరి దాన్ని బాగా నేర్చుకోవాలి. టీచర్లు తడబడేది ఇక్కడే. ఎరువుల ముక్క వచ్చినవాళ్లు తొమ్మిది మంది అవుతారు, తొమ్మిది మంది గుండ్రంగా కూర్చుంటే అది మళ్లీ చిన్నపాటి తరగతే. నలుగురు, అయిదుగురుగా రెండు చేయాలి. ఒక్క పీరియడ్‌లో ఇది అవదు. మొదటి పీరియడ్ ముక్క నేర్చుకోవడానికి, రెండోది సొంత జట్టుకు తిరిగొచ్చి చెప్పడానికి. చివర్లో నాలుగు ముక్కల మీదా అందరికీ చిన్న స్లిప్ టెస్టు, ఎవరిది వాళ్లే రాయాలి. ఆ టెస్టు ఎగ్గొడితే మిగతాదంతా కాలక్షేపమే.

కోత ముక్క వచ్చినవాళ్లలో కౌలురైతు కొడుకు ఉంటే పుస్తకం కంటే ఎక్కువే చెప్తాడు. గింజలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో ఒప్పుకోరని, అందుకే రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారని వాడికి తెలుసు. పుస్తకం క్వింటాళ్లలో మాట్లాడితే వాడు పుట్లలో మాట్లాడతాడు. నెల్లూరు పుట్టి 850 కిలోలు గనక క్వింటాళ్లలోకి మార్చడం జట్టుకు ఇంకో లెక్క అవుతుంది. నీటి ముక్క దగ్గర సోమశిల కాలువ కింది కయ్యకూ, కనిగిరి వైపు బోరు కింది చేనుకూ తేడా రావాలి. అది పుస్తకంలో ఉండదు, పిల్లల్లో ఎవరో ఒకరి బంధువుల ఊళ్లో ఉంటుంది. రెండు భాషల పుస్తకం ఇక్కడ బాగా అక్కరకొస్తుంది. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు. మాట్లాడుకోవడం తెలుగులో, రాసేది ఇంగ్లీషులో. జట్టులో కూడా ఇంగ్లీషే మాట్లాడాలని పట్టుబడితే నోళ్లు మూతపడతాయి.

జిగ్సా పెట్టినంత మాత్రాన హెచ్చుతగ్గులు మాయమైపోవు. స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ కోహెన్ చూపించింది ఇదే: తెలివైనవాడని తరగతి ముందే ముద్ర వేసిన పిల్లాడు జట్టులో ఎక్కువ మాట్లాడతాడు, ఎక్కువ మాట్లాడేవాడు ఎక్కువ నేర్చుకుంటాడు, ముద్ర ఇంకా గట్టిపడుతుంది. మన దగ్గర దీనికి ఇంకో పొర ఉంది. మగపిల్లలు మాట్లాడతారు, ఆడపిల్లలు రాస్తారు. రాసేవాళ్లు, చదివేవాళ్లు, ప్రశ్నలడిగేవాళ్లు, టైము చూసేవాళ్లు అని పనులు పంచి, వారం వారం మార్చాలి. కోహెన్ చెప్పిన ఇంకో ఉపాయం టీచరు నోటి నుంచే రావాలి. ఎవరూ పట్టించుకోని పిల్ల మంచి మాట చెప్పినప్పుడు, ఏం చెప్పిందో, అది జట్టుకు ఎలా పనికొచ్చిందో అందరికీ వినపడేట్టు చెప్పడం. వట్టి ‘వెరీ గుడ్, క్లాప్స్’ అంటే లాభం లేదు, పిల్లలు అబద్ధపు మెచ్చుకోలును ఇట్టే పసిగడతారు.

మార్కుల దగ్గరే అసలు పేచీ. జట్టంతటికీ ఒకే మార్కు వేస్తే పనిచేసిన పిల్ల ఏడుస్తుంది, ఆ ఏడుపులో న్యాయముంది. ఎవరికి వారికి వేస్తే జట్టు ఎందుకంటారు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ స్లావిన్ దీనికో దారి కనిపెట్టాడు. పరీక్ష ఎవరిది వాళ్లే రాస్తారు, జట్టుకు కలిసేవి మాత్రం మెరుగుదల పాయింట్లు. పిల్లల పాత సగటుతో ఇప్పటి మార్కును పోలుస్తారు. సగటు కంటే 10కి మించి పెరిగితే 30 పాయింట్లు. సగటు దగ్గర్నుంచి 10 దాకా పెరిగితే 20. 10 దాకా తగ్గితే 10. అంతకన్నా పడిపోతే 5. నూటికి నూరు వస్తే ఎలాగూ 30. పాత సగటు 35 ఉన్న పిల్లాడికి 48 వస్తే జట్టుకు 30 తెచ్చాడు. 90 సగటు పిల్లకు 88 వస్తే 10 తెచ్చింది. ఇప్పుడు ఆ పిల్లకు, తను చదువుకోవడంతో పాటు వాడికి చెప్పడం కూడా గెలుపే అయింది. వాడు జట్టుకు బరువు కాడు, ఎక్కువ పాయింట్లు తేగలిగినవాడు. ఈ పాయింట్లను ఎఫ్‌ఏ రిజిస్టరులో కలపకూడదు. గోడ మీద జట్ల పేర్ల పక్కన రాస్తే చాలు, పిల్లలకు అదే పండగ.

ప్రతి పాఠానికీ జట్టు అక్కర్లేదు. ఎక్కాలు, స్పెల్లింగులు ఎవరికి వాళ్లే వల్లె వేసుకోవాలి. కొత్త భావన మొదటిసారి పరిచయం చేసేటప్పుడు టీచరు నిలబడి బాగా చెప్పడాన్ని మించింది లేదు. ఏమీ చెప్పకుండా మీరే కనుక్కోండి అని జట్లకు వదిలేయడం పని తప్పించుకోవడమే. జవాబు ఒక్క ముక్కలో అయిపోయే ప్రశ్న జట్టుకు ఇవ్వడం కూడా దండగే. ఒక్కరికే చేతనయితే నలుగురూ ఎందుకు తలలు పెడతారు?

సద్దు గురించి కొంత చెప్పుకోవాలి. పక్క తరగతి మేడం వచ్చి తలుపు దగ్గర నిలబడితే జట్టు పని ఆ రోజుకు ముగిసినట్టే. ‘గమ్మునుండండి’ అన్న అరుపులు వినపడని క్లాసే మంచి క్లాసు అన్న నమ్మకం హెడ్మాస్టర్ల నుంచి తల్లిదండ్రుల దాకా ఉంది. దీనికి గట్టి గుర్తు ఒకటి పెట్టుకోవాలి: టీచరు చెయ్యెత్తితే చూసినవాళ్లు చెయ్యెత్తి నోరు మూయాలి, పది సెకన్లలో గది అణగాలి. మొదట్లో పదిసార్లు ఉత్తినే చేయించినా నష్టం లేదు. సిలబస్ అవదన్న భయం నిజమే గానీ, జిగ్సా నెలకొక్కసారి చాలు. అంకె పిలిచే పద్ధతికి పీరియడ్‌లో అయిదారు నిమిషాలే పడతాయి.

జూన్‌లో బడి తెరవగానే నలుగురి జట్లకు పోకూడదు. మొదటి నెలంతా జంటలే. ప్రశ్న అడిగాక నిమిషం ఎవరికి వారు ఆలోచించాలి, పక్కవాళ్లతో చెప్పుకోవాలి, తర్వాత అందరికీ చెప్పాలి. ఫ్రాంక్ లైమన్ 1981లో పెట్టిన ఈ పద్ధతికి బెంచీలు కదిలించే పని కూడా లేదు. చెప్పేటప్పుడు తన మాట కాకుండా పక్కపిల్ల ఏమందో చెప్పమనాలి, వినడం అలా వస్తుంది. జులైలో రెండు జంటల్ని కలిపితే జట్టు తయారు, ముందు బెంచీవాళ్లు వెనక్కి తిరిగితే సరిపోతుంది. అయిదారు వారాలు ఆ జట్టునే ఉంచి, తర్వాత మార్చాలి. కొట్లాడుకున్నారని రెండో వారంలోనే విడగొట్టమని పిల్లలే వచ్చి అడుగుతారు, ఒప్పుకోకూడదు. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, ఎవరు ఎవరి మాట విన్లేదో, వచ్చేవారం ఏం మార్చుకుంటారో ఒక కాగితం మీద రాయించి తీసుకోవాలి.